బంతి ఆట, బంతి భోజనం

తెలుగులో బంతి అనే మాటకు అర్థాలు ముచ్చటగా మూడున్నాయి. పెరట్లో పూసేది ఒకటి, పిల్లలు తన్నేది ఒకటి, పెళ్ళిళ్ళలో విస్తళ్ళ ముందు మనం బారులు తీరి కూర్చునేది ఒకటి. మొదటిదాన్ని గుమ్మాలకూ దండలకూ వదిలేద్దాం. తక్కిన రెండింటికీ చుట్టరికమేమిటని నిఘంటువును అడిగితే అది నోరు విప్పదు. స్కాట్లండులోని గ్లాస్గో నగరాన్ని అడిగితే మాత్రం పూసగుచ్చినట్టు చెబుతుంది. ఆ ఊళ్ళో పేదపిల్లల భోజనాల బంతి సాగడం కోసం తోలుబంతిని తన్నడం మొదలుపెట్టారు. అలా తన్నడానికి పుట్టిందే సెల్టిక్ ఫుట్‌బాల్ క్లబ్బు.

ఫుట్‌బాల్ అంటే మగపిల్లల వ్యవహారమనీ, అర్ధరాత్రి టీవీ పెట్టి ఇంటిల్లిపాదినీ లేపే వ్యవహారమనీ విసుక్కునే తల్లులు ఈ పేజీని తిప్పెయ్యకుండా కాస్త ఓపిక పట్టాలి. ఇది గోలుల కథ కాదు, గరిటెల కథ.

అలాగని ఈ సెల్టిక్ ఏ మూలనో ఉన్న చిన్నాచితకా క్లబ్బనుకోకండి. 1967లో యూరపు ఛాంపియన్ల కప్పు గెలిచింది. బ్రిటన్ మొత్తంమీద ఆ ఘనకార్యం మొదట చేసినది ఈ జట్టే. ఇవాళ వాళ్ళ మైదానంలో అరవైవేలమంది కూర్చుని ఆట చూడవచ్చు. గ్లాస్గో చదువులకు వెళ్ళే మన తెలుగు పిల్లలు ఏ ఆదివారమో అటు వెళితే, ఆ మైదానం ముందర ఉన్న విగ్రహాలు చూసే ఉంటారు. వాటిలో ఒకటి, 2005లో నిలబెట్టినది, ఆటగాడిది కాదు. ఆట నేర్పినవాడిదీ కాదు. ఒక బడిపంతులుది.

ఆయన్ని బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అంటారు. అది సన్యాసం పుచ్చుకున్నాక వచ్చిన పేరు. తల్లిదండ్రులు పెట్టుకున్న పేరు ఆండ్రూ కెరిన్స్. 1840లో ఐర్లండులో, స్లైగో జిల్లా బాలీమోట్ అనే ఊరివైపు పుట్టాడు. పిల్లవాడికి అయిదేళ్ళొచ్చేసరికి, 1845లో, బంగాళాదుంపకు తెగులు పట్టింది. మనకు దుంప అంటే కూరలోకి. అక్కడి బీదవాడికి పొద్దుటా అదే, రాత్రీ అదే. నాలుగయిదేళ్ళలో సుమారు పదిలక్షలమంది ఆకలితోనూ, ఆకలి వెంట వచ్చిన జబ్బులతోనూ పోయారు. మరో పదిలక్షలమంది దొరికిన ఓడ ఎక్కి దేశం విడిచారు. ఇంత జరుగుతున్నా ధాన్యం మాత్రం రేవుల నుంచి ఇంగ్లండుకు వెళుతూనే ఉంది. 1876-78 నాటి ధాత కరువు సంగతి ముసలివాళ్ళనోట విన్న కుటుంబాలకు ఈ మాట వింతగా తోచదు. అప్పుడూ మన రేవులు మూతపడలేదు.

ఆండ్రూ కుర్రతనంలోనే గ్లాస్గో చేరాడు. చదువుకుని, మేరిస్ట్ సోదరులనే ఉపాధ్యాయ సన్యాసుల కూటంలో కలిశాడు. ఆ నగరం తూర్పు పేటల్లో సేక్రెడ్ హార్ట్ బడికి ప్రధానోపాధ్యాయుడయ్యాడు. తూర్పు పేటలంటే ఇనుప కర్మాగారాలు, మిల్లులు, వాటి పొగ. ఒక్క గదిలో కుటుంబం యావత్తూ సర్దుకోవలసిన కొంపలు. కరువుకు తాళలేక వచ్చిన ఐరిష్‌వాళ్ళు అక్కడే గుమిగూడారు. 1872 చట్టం ప్రకారం స్కాట్లండులో అయిదేళ్ళ నుంచి పదమూడేళ్ళ దాకా పిల్లలు బడికి వచ్చి తీరాలి. చట్టం పిల్లవాణ్ణి బడికైతే పంపించింది గాని, వాడి పొట్టలో ఏమైనా ఉందా అని అడగలేదు. ఆ అడగడం మాస్టారివంతు అయింది. ఖాళీ పొట్టకు ఎక్కాలు ఎక్కవని ఏ దేశపు పంతులుకైనా తెలుసును.

ఆయనా, సెయింట్ మేరీ బడి నడిపే బ్రదర్ డొరొతియస్ అనే మరో సోదరుడూ కలిసి, సెయింట్ విన్సెంట్ డి పాల్ సంఘంవారి అండతో 'పేదపిల్లల భోజనబల్ల' అని ఒకటి పెట్టారు. మధ్యాహ్నం వేళ వేడివేడి తిండి. అయితే ఊరికే కాదు. అదే ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్న సంగతి.

లెక్క ఇలా ఉండేది. పెన్నీ ఇస్తే పూర్తి భోజనం. తల్లి ఇంటిదగ్గర రొట్టె కట్టి ఇవ్వగలిగితే, పిల్లవాడు ఆ రొట్టె తెచ్చుకుని అరపెన్నీ ఇస్తే, పెద్ద గిన్నెడు సూపు పోస్తారు. ఆ పెన్నీ గాని, అరపెన్నీ గాని లేనివాడికి కడుపునిండా ఊరికే పెడతారు.

పైపైన చూస్తే ఇదేం ధర్మం, బీదపిల్లల దగ్గర కూడా కాణీ పుచ్చుకోవాలా అనిపిస్తుంది. కాని రెండో మెట్టు చూడండి, ఆ రొట్టె మెట్టు. ఒక వితంతువు నాలుగిళ్ళలో బట్టలుతికి పిల్లల్ని పెంచుతోందనుకోండి. ఆమె పూర్తిగా పెట్టలేదు, పూర్తిగా అడగనూలేదు. రొట్టెముక్క ఆమె చేతిది, సూపు బడిది. పిల్లవాడు తింటున్న దానిలో సగం అమ్మ పెట్టిందే. ఇంట్లో పొయ్యి ఆరలేదు, తల్లి చెయ్యి చిన్నబోలేదు. ఈ ఏర్పాటు ఆలోచించినవాడికి ఆకలి సంగతి తెలుసును, ఆకలిగొన్నవాడి అభిమానం సంగతీ తెలుసును. రెండోది తెలిసిన దాతలు అరుదు.

మన దేశంలో వారాలు చేసుకుని చదువుకున్న తరం ఒకటుండేది. సోమవారం కరణంగారింట్లో, మంగళవారం ప్లీడరుగారింట్లో, ఇలా ఏడు రోజులకు ఏడు గుమ్మాలు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై పదవులు చేసి పించను పుచ్చుకునే రోజుల్లో కూడా, ఏ ఇల్లాలు పప్పులో నెయ్యి వేసి 'మారు వడ్డించుకో నాయనా' అన్నదో, ఏ ఇంట్లో విస్తరి వీధి అరుగుమీద పడేశారో మాత్రం మరిచిపోలేదు. తిన్నది అరిగిపోతుంది. పెట్టిన తీరు అరగదు.

వాల్‌ఫ్రిడ్ కన్నా ఒక్క ఏడాది చిన్నది మన డొక్కా సీతమ్మగారు. 1841లో పుట్టి, గోదావరి లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవాడికి కూడా వండి వడ్డించి, 1909లో పోయిన ఆ మహాతల్లి పేరే 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిభోజన పథకానికి పెట్టింది. అయితే సీతమ్మగారికి భర్త వ్యవసాయం ఉంది, గాదెలో ధాన్యం ఉంది. ఈ సన్యాసికి వ్రతమే దారిద్ర్యం. తనదంటూ చిల్లిగవ్వ లేదు. పెట్టాలంటే మరొకరి జేబులోంచి రావాలి. ఆ పేటలో జేబులున్నవాళ్ళు తక్కువ, ఉన్న జేబులకు చిల్లులెక్కువ.

ఏమాటకామాట చెప్పుకోవాలి. ఆయన ఉద్దేశాలు కేవలం గిన్నెడు సూపుతో ఆగలేదు. ఐర్లండు కరువులో కొన్నిచోట్ల సూపు పోసే దొరలు మతం మారితేనే పోస్తామన్నారనే బాధ ఆ జనంలో బలంగా ఉండేది. అలా తాగినవాణ్ణి 'సూపర్' అని వెక్కిరించేవారు, అంటే సూపుకు అమ్ముడుపోయినవాడని. గ్లాస్గోలో కూడా తమ పిల్లలు ఆకలికి లొంగి మరో మతశాఖవారి బల్ల దగ్గర కూర్చుంటారేమోననే భయం ఈ కాథలిక్ సోదరులకు ఉంది. ధర్మకార్యాలన్నీ కడిగిన ముత్యాలు కావు. వాటిలో కొంత పోటీ ఉంటుంది, కొంత పంతం ఉంటుంది. సూపు మటుకు వేడిగానే ఉంటుంది.

డబ్బు చాలలేదు. అప్పుడు దొరికింది ఫుట్‌బాల్. ఎడింబరోలో ఐరిష్‌వాళ్ళు 1875లో పెట్టుకున్న హైబర్నియన్ క్లబ్బు 1887లో స్కాటిష్ కప్పు గెలిచింది. గెలిచినవాళ్ళను గ్లాస్గో సెయింట్ మేరీ హాలులో సన్మానించారు. అంతకుముందే హైబర్నియన్‌వాళ్ళు తూర్పు పేటలకు వచ్చి ధర్మార్థం ఆటలాడి వెళ్ళేవారు. జనం విరగబడి వచ్చేవారు. సినిమాలు లేని కాలం. శనివారం మధ్యాహ్నం మిల్లు మూసేస్తే ఇక మిగిలింది సారా కొట్టు, లేకపోతే ఫుట్‌బాల్. పక్క ఊరి జట్టును మాటిమాటికీ బతిమాలే కన్నా మనమే ఒకటి పెట్టుకుంటే పోలేదా అని తోచింది. 1887 నవంబరు 6న ఆ హాలులోనే సమావేశమై క్లబ్బు పెట్టారు. సెల్టిక్ అన్న పేరు వాల్‌ఫ్రిడ్ సూచించిందే. ఆయన దాన్ని 'కెల్టిక్' అని పలకాలనేవాడట. జనం సెల్టిక్ అన్నారు. అంతే, అదే నిలిచింది. పేరు పెట్టడమే పెద్దల పని, పిలవడం ఊరి పని.

శ్మశానం పక్కన ఓ స్థలం అద్దెకు పుచ్చుకున్నారు. ఏడాదికి యాభై పౌన్లు. నేల చదును చెయ్యడానికి కూలీలను పెట్టే తాహతు లేదు. పేటలోని పనివాళ్ళే తీరిక దొరికినప్పుడల్లా వచ్చి తవ్వారు, మోశారు, కట్టారు. ఆరు నెలల్లో మైదానం తయారైంది. 1888 మే 28న మొదటి ఆట. ఎదుటి జట్టు, చిత్రం చూడండి, రేంజర్స్. అయిదు గోళ్ళకు రెండుతో సెల్టిక్ గెలిచింది. ఆట అయిపోయాక ఇరుపక్షాలవారూ కలిసి హాలులో విందారగించి పాటకచేరీ విన్నారు. తరువాత తరాల్లో ఈ రెండు క్లబ్బుల అభిమానులకూ ఎంత వైరం ముదిరిందో తెలిసినవాళ్ళు, ఆ సాయంకాలం ముచ్చట చదివి ఓ నిట్టూర్పు విడవక మానరు.

అదే ఏడాది జనవరిలో క్లబ్బువారు చందాల కోసం వేసిన విజ్ఞాపనలో, ఈ క్లబ్బు ముఖ్యోద్దేశం మూడు పేటల్లో భోజనబల్లలకు డబ్బు సమకూర్చడమేనని స్పష్టంగా రాసుకున్నారు. ఇక్కడ ఇచ్చే చెయ్యీ పుచ్చుకునే చెయ్యీ ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించండి. గేటు దగ్గర చిల్లర ఇచ్చి ఆట చూసినవాళ్ళలో చాలామంది ఆ పేటలవాళ్ళే. ఆ చిల్లరే సోమవారంనాటికి సూపయి వాళ్ళ వీధిపిల్లల గిన్నెల్లోకి వచ్చేది. జమీందారు పెట్టిన సత్రం కాదిది. ఊరంతా కలిసి వేసుకున్న చీటీపాట లాంటిది. అందులోనూ ఓ శనివారం సరదా తీరింది.

ఇంతవరకూ పురాణం బాగానే ఉంది. ఇక్కడ ఆపేస్తే మంగళహారతి ఇచ్చి ప్రసాదం పంచవచ్చు. క్లబ్బుల వార్షికోత్సవాల్లో సాధారణంగా ఇక్కడే ఆపుతారు. కాని కథ ఇక్కడి నుంచే ముదిరింది.

మొదటి సంగతి, హైబర్నియన్. ఎవరిని చూసి ఈ క్లబ్బు పెట్టారో, ఎవరు వచ్చి ధర్మార్థం ఆడి వెళ్ళారో, ఆ జట్టులోని మంచి ఆటగాళ్ళను పలువురిని 1888లోనే సెల్టిక్ కమిటీవారు తమవైపు లాక్కున్నారు. అప్పటికి డబ్బు పుచ్చుకుని ఆడటం స్కాట్లండులో నిషిద్ధం. అయినా ఆశలు చూపించడానికి దారులుండనే ఉన్నాయి. పాపం హైబర్నియన్ చితికిపోయి 1891లో మూతపడింది. మళ్ళీ లేచి నిలబడటానికి ఒకటి రెండేళ్ళు పట్టింది. ధర్మానికి పుట్టిన ఒక క్లబ్బు ధర్మానికి పుట్టిన మరో క్లబ్బు పునాదులు పెకలించింది. దీన్ని ఎలా సమర్థించుకున్నారో నాకు ఊహకు అందుతుంది. 'మన పిల్లల భోజనాల కోసమే కదా' అనుకుని ఉంటారు. మంచిపనికోసమే కదా అనే మాట చాటున ఎన్ని పనులు జరిగిపోతాయో మనకూ అనుభవమే.

రెండో సంగతి, అద్దె. మైదానానికి జనం వస్తున్నారని చూసి, 1892లో భూస్వామి యాభై పౌన్ల అద్దెను నాలుగువందల యాభై పౌన్లన్నాడు. పాత లెక్కలో పౌనుకు 240 పెన్నీలు. అంటే యాభై పౌన్లు ఇరవైనాలుగువేల అరపెన్నీ సూపులు. నాలుగువందల యాభై పౌన్లు రెండులక్షల పదహారువేల సూపులు. ఇంటిఖర్చు రాసుకునే ఇల్లాలు ఇలాగే లెక్క వేస్తుంది గనక నేనూ ఇలాగే వేశాను. క్లబ్బువారు ఆ స్థలానికి దణ్ణం పెట్టి, దగ్గర్లోనే ఇటుకబట్టీల గుంటలున్న చోటును పూడ్చి కొత్త మైదానం కట్టుకున్నారు. శ్మశానం విడిచి స్వర్గానికి పోయినట్టుందని ఓ పత్రికాయన అన్నాడట. అప్పటినుంచీ ఆ మైదానానికి స్వర్గమనే ముద్దుపేరు. ఐర్లండు రైతుల నాయకుడు మైకేల్ డేవిట్ వచ్చి, తమ దేశం నుంచి తెచ్చిన మూడాకుల పచ్చిక గడ్డను స్వయంగా నాటి వెళ్ళాడు. ఆ గడ్డను ఆ రాత్రే ఎవడో ఎత్తుకుపోయాడు. స్వర్గంలోనూ దొంగలు తప్పరన్నమాట.

అదే 1892లో వాల్‌ఫ్రిడ్‌ను మఠంవారు లండనుకు బదిలీ చేశారు. ఆయన వెళ్ళి అక్కడి తూర్పు పేటల్లో కాళ్ళకు చెప్పులు లేని పిల్లలను పోగుచేసి మళ్ళీ ఆటలు పెట్టించడం మొదలుపెట్టాడు. కొందరికి బదిలీ అయ్యేది ఊరే, స్వభావం కాదు. గ్లాస్గోలో మాత్రం పెద్దమనుషుల మధ్య తగవు పెరిగింది. క్లబ్బు పెట్టిందే భోజనాలకు, లాభమంతా అక్కడికే పోవాలని ఒక పక్షం. ఆటగాళ్ళకు ఖర్చుంది, మైదానానికి అప్పుంది, జట్టు గెలవకపోతే జనం రారు, జనం రాకపోతే మీ సూపుకైనా డబ్బెక్కడిదని రెండో పక్షం. రెండో పక్షంవారి వాదన పూర్తిగా కొట్టిపారేయదగింది కాదు. అదే దాని ప్రమాదం. 1893లో స్కాట్లండులో జీతాల ఆటకు అనుమతి వచ్చింది. 1897లో సెల్టిక్ లిమిటెడ్ కంపెనీ అయింది. షేర్లు వచ్చాయి, డైరెక్టర్లు వచ్చారు, డివిడెండ్లు వచ్చాయి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనంటారు. వడ్డించే మాస్టారు ఊరు విడిచివెళ్ళాక భోజనబల్ల నిజంగానే కడబంతికి జరిగింది. క్లబ్బు ధర్మార్థం ఆటలాడటం మానలేదు, చందాలు ఇవ్వడమూ మానలేదు. కాని 'ముఖ్యోద్దేశం' అన్నది 'ఇతర ఖర్చులు' అన్న పద్దుకింద చేరింది. మాస్టారు 1915లో డంఫ్రీస్‌లో పోయారు.

అక్కడినుంచి దాదాపు వందేళ్ళు ఒక్క గెంతు గెంతుదాం. 1994 మార్చిలో సెల్టిక్ బాకీలు తీర్చలేక దివాలా ఎత్తబోయింది. ఆఖరి నిమిషంలో ఫెర్గస్ మక్కాన్ అనే ఆయన, చిన్నప్పటి అభిమానే, కెనడాలో వ్యాపారం చేసి గడించి వచ్చినవాడు, క్లబ్బును చేతిలోకి తీసుకున్నాడు. మామూలు అభిమానులు కూడా అప్పోసప్పో చేసి షేర్లు కొన్నారు. మరుసటేడు, 1995లో, సెల్టిక్ ధర్మనిధి అని విడిగా ఒకటి పెట్టారు. అదే తరువాత ఇంకొక సంస్థతో కలిసి నేటి సెల్టిక్ ఎఫ్‌సీ ఫౌండేషన్ అయింది. ఆరోగ్యం, సమానత్వం, చదువు, దారిద్ర్యం, ఈ నాలుగు విషయాల్లో తాము సాయపడతామంటారు.

వాళ్ళు చేసే పనుల జాబితా రాయడం నాకు ఇష్టం లేదు. జాబితాలు అన్ని సంస్థలవీ ఒకే తీరుగా ఉంటాయి. రెండు మూడు మాత్రం చెబుతాను. క్రిస్మసు ముందు ఒక ఆట రోజున డబ్బాలు పట్టుకుని గేట్ల దగ్గర నిలబడి చందాలు పోగుచేస్తారు. చలికాలంలో పొయ్యి రగిలించుకోలేని కుటుంబాలకు, ఒంటరి ముసలివాళ్ళకు, గూడులేనివాళ్ళకు ఆ సొమ్ము పోతుంది. పండుగనాడు ఇంట్లో కూడబెట్టింది లేక పిల్లల ముఖం చూడలేని తండ్రి మనకు తెలియనివాడేం కాదు. మరోటి, ఏడాదికొక రాత్రి అభిమానులు పడకసంచులు తెచ్చుకుని ఆ మైదానంలోనే ఆరుబయట పడుకుంటారు. స్కాట్లండు చలిలో. నిలువనీడ లేనివాడి రాత్రి ఎలా గడుస్తుందో తెలుసుకోవడానికీ, దాని పేరిట చందాలు పోగుచెయ్యడానికీ. 2020లో కోవిడు వచ్చి ఆటలు ఆగిపోయినప్పుడు, ప్రేక్షకులు లేని క్లబ్బు పేదల ఇళ్ళకు భోజనాలూ సరుకులూ పంపింది. ఆఫ్రికాలో మలావీ దేశపు బడిపిల్లల భోజనాలకు కూడా ఈ ఫౌండేషన్ చెయ్యి అందించింది. ఫౌండేషన్‌తో నిమిత్తం లేకుండానే కుర్ర అభిమానుల బృందమొకటి ఏటా మైదానం బయట బల్లలు వేసి, ఆటకు వచ్చేవాళ్ళ దగ్గర డబ్బా సరుకులు పోగుచేసి ఆహార నిధులకు ఇస్తుంటుంది.

నాకొక సణుగుడు ఉంది. దాచుకోను. ఒక ఆటగాడికి వారానికి ఇచ్చే జీతం వింటే మన కళ్ళు తిరుగుతాయి. ఆ జీతాలిచ్చే క్లబ్బే డబ్బా పట్టుకుని అభిమాని జేబు ముందు నిలబడటమేమిటి? కొట్టు వేరు, హుండీ వేరా? టిక్కెట్టు కొన్నవాడే, చొక్కా కొన్నవాడే, మళ్ళీ హుండీలోనూ వెయ్యాలా? ఈ ప్రశ్న సెల్టిక్ ఒక్కదానిది కాదు. ఇవాళ బ్రిటనులో పేరున్న ప్రతి క్లబ్బుకూ ఇలాంటి ధర్మసంస్థ ఒకటుంది. కాని 1890ల తగవు గుర్తుచేసుకుంటే, ఆ గోడ ఎందుకు కట్టారో అర్థమవుతుంది. అప్పట్లో కొట్టుకూ హుండీకీ మధ్య గోడ లేదు. అంచేత కొట్టు హుండీని మింగింది. ఇప్పుడు ఫౌండేషన్ సొమ్ము చట్టరీత్యా విడి సొమ్ము. ఎంత గొప్ప గోలు కొట్టేవాడు బజారులోకి వచ్చినా, వాణ్ణి కొనడానికి పిల్లల సూపు గిన్నెలో చెయ్యి పెట్టడం కుదరదు. సణుగుడు పూర్తిగా తీరలేదు గాని, సగం తగ్గింది. తగ్గని సగానికి క్లబ్బు డైరెక్టర్లే సమాధానం చెప్పాలి.

ఇంగ్లండు నుంచి కూడా ఒక మాట. లివర్‌పూల్‌లో ఎర్రజట్టు, నీలిజట్టు అని రెండు క్లబ్బులు, లివర్‌పూల్, ఎవర్టన్. ఒకరంటే ఒకరికి పడదు. 2015లో ఈ రెండు పక్షాల అభిమానులూ కలిసి, ఆటలనాడు మైదానాల బయట సరుకులు పోగుచెయ్యడం మొదలుపెట్టారు. ఎవరి పార్టీ వాళ్ళదే, బియ్యం సంచి మాత్రం ఉమ్మడి. 2020లో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు మార్కస్ రాష్‌ఫర్డ్, అప్పటికి ఇరవైరెండేళ్ళ కుర్రవాడు, బడిసెలవుల్లో కూడా బీదపిల్లలకు భోజనం పెట్టాలని పార్లమెంటు సభ్యులకు బహిరంగలేఖ రాశాడు. ముందు కుదరదన్న ప్రభుత్వం ఒకటి రెండు రోజుల్లోనే దారికొచ్చింది. ఇంగ్లండులో సుమారు పదమూడు లక్షలమంది పిల్లల సంగతి అది. ఆ కుర్రవాడు చిన్నప్పుడు బడిలో పెట్టిన ఉచిత భోజనం తిని పెరిగినవాడే. తానూ ఆ బంతిలో కూర్చున్నవాణ్ణేనని సిగ్గుపడకుండా చెప్పాడు. వాడి ఆటకన్నా ఆ చెప్పడం నాకు ఎక్కువ నచ్చింది.

బడిలో భోజనం పెట్టడం మనవాళ్ళకు ఇటీవల తట్టిన ఊహ అనుకోకండి. 1920లోనే చెన్నపట్నం కార్పొరేషను, తెలుగువాడైన పిట్టి త్యాగరాయ చెట్టిగారు అధ్యక్షులుగా ఉండగా, థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం ఫలహారం పెట్టాలని తీర్మానించింది. పిల్లకు రోజుకు అణా మించకూడదని షరతు. అక్కడ అణా, ఇక్కడ పెన్నీ. ఎంత చిన్న నాణెంతో ఎంత పెద్ద పని చెయ్యవచ్చో ఈ పంతుళ్ళకూ పురపాలకులకూ తెలిసినట్టు కోటీశ్వరులకు తెలియదేమో.

ఇక సెల్టిక్‌కు మన దేశంతో ఉన్న అసలు చుట్టరికం ఒకటి మిగిలింది. అది 1936 నాటి మాట. కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బు ఆటగాడు మహమ్మద్ సలీం ఓడెక్కి బ్రిటను వెళ్ళాడు. ఆయన బంధువొకాయన గ్లాస్గోలో దుకాణం నడిపేవాడు. ఆయన సలీంను సెల్టిక్ మేనేజరు విల్లీ మేలీ దగ్గరకు తీసుకుపోయి, ఇండియా నుంచి గొప్ప ఆటగాడొచ్చాడు, ఒక్కసారి ఆడించి చూడండి, అయితే బూట్లు వేసుకోడు, వట్టికాళ్ళతో ఆడతాడు అన్నాడు. మేలీ నవ్వి, సరే చూద్దామన్నాడు. చూశాక నవ్వు ఆగింది. పాదాలకు గుడ్డపట్టీలు కట్టించుకుని సలీం రెండు ఆటలు ఆడాడు. హామిల్టన్ మీద ఒకటి, గాల్‌స్టన్ మీద ఒకటి. రెండింటిలోనూ సెల్టిక్ గెలిచింది. పత్రికలు ఆయన పాదాల గురించి వ్యాసాలు రాశాయి. ఒక శిక్షకుడు మోకాళ్ళమీద కూర్చుని ఆ పాదాలకు పట్టీ చుడుతున్న ఫొటో ఇప్పటికీ ఉంది. తెల్లవాడు నల్లవాడి కాళ్ళ దగ్గర కూర్చున్న ఫొటో, 1936లో.

క్లబ్బువారు ఉండిపొమ్మన్నారు. ఆయన పేరిట ఒక ధర్మార్థం ఆట పెట్టి, వచ్చినదానిలో నూటికి అయిదు ఇస్తామన్నారట. ఆ ఆటకు అనాథపిల్లల్ని అతిథులుగా పిలుస్తున్నారని విని, నా వంతు ఆ పిల్లలకే ఇచ్చెయ్యండి అన్నాడట సలీం. ఇంటిమీద బెంగ పెట్టుకుని, కొద్ది నెలల్లోనే కలకత్తా వచ్చేశాడు. వాల్‌ఫ్రిడ్ అప్పటికి పోయి ఇరవై ఒక్క ఏళ్ళయింది. ఉండి ఉంటే ఈ వట్టికాళ్ళవాణ్ణి చూసి తనవాడనుకునేవాడు.

చాలా ఏళ్ళ తరువాత, సలీం ముసలివాడై జబ్బుపడినప్పుడు, ఆయన కుమారుడు సెల్టిక్ క్లబ్బుకు ఉత్తరం రాశాడు. తండ్రికి వైద్యం చేయించాలి, ఖర్చవుతోందని. డబ్బు అడగడం అతని ఉద్దేశం కాదట. అంత దూరాన ఉన్నవాళ్ళకు తన తండ్రి ఇంకా గుర్తున్నాడా లేదా అని తెలుసుకోవాలనిపించిందట. గ్లాస్గో నుంచి కవరు వచ్చింది. అందులో ఒక జాబు, వంద పౌన్లకు బ్యాంకు డ్రాఫ్టు. ఆ కుమారుడు డ్రాఫ్టును బ్యాంకులో మార్చుకోలేదు. ప్రాణమున్నంతవరకూ దాచుకుంటానన్నాడు.